రాజమండ్రిలో ఒక్క రోజు: పాపికొండలు వదిలేయండి

పొద్దున దిగి రాత్రి రైలుకే తిరుగు ప్రయాణం, పైగా మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు పక్కన ఉంటారని మీరంటున్నారు కాబట్టి పాపికొండల లాంచీ పెట్టుకోకండి, రోజంతా దానికే పోతుంది. ఎండ ఎక్కకముందే పుష్కర ఘాట్ చూసేయండి, అమ్మగారిని మెట్లు దించక్కర్లేదు, పైనుంచే గోదారి, 1900 నాటి హేవ్‌లాక్ వంతెన కనిపిస్తాయి. తర్వాత ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం, అక్కడ ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ పేరిట ఉన్న మ్యూజియం. అక్కడినుంచి బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్లండి, అసలు మజా అక్కడి పూతరేకుల తయారీ చూడటమే: పొయ్యి మీద బోర్లించిన వేడి కుండపై పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఇలా పరిచి అలా లాగితే కాగితంలాంటి రేకు లేచొస్తుంది. బెల్లం పూతరేకులే అడగండి. సాయంత్రం ఊళ్లో రోజ్‌మిల్క్ తాగండి. పులస చేప మాత్రం గోదారి వరదల రోజుల్లోనే దొరుకుతుంది, మిగతా కాలంలో ఎవరైనా పులస అంటే నమ్మకండి.