ఘాట్ ఎక్కుతుంటే గేరు పడటం లేదా?

సైకిల్‌కి 21 గేర్లున్నా సాలూరు ఘాట్‌లో దిగి తోసుకెళ్లానన్నారు, గేరు మారుస్తుంటే గొలుసు కటకటలాడిందన్నారు. సైకిల్ పాడవలేదండీ. మీరు మార్చడం ఆలస్యమైంది, అదీ కుడిచేతి గేరొక్కటే మార్చారు. ఎడమచేతి గేరు మార్చలేదు కాబట్టి పెడళ్ల దగ్గర గొలుసు పెద్ద పళ్లచక్రం మీదే ఉండిపోయింది.

1. ఎత్తు ఇంకా మొదలవ్వకముందే ఎడమచేతి గేరు 1కి దించండి.

2. అందరూ మర్చిపోయేది ఇదే. గేరు నొక్కేముందు ఒక్క గట్టి తొక్కు తొక్కి, ఆ ఊపులో అరచుట్టు పాటు పెడల్ మీద బరువు తీసేయండి. కాళ్లు ఆపొద్దు, ఊరికే తిరగనివ్వండి. "టక్" మని ఒక్క చప్పుడొస్తే పడినట్టే. నేను ఓసారి లేచి నిలబడి బలంగా తొక్కుతూ మార్చాను. గొలుసు తెగి, సైకిల్ బస్సు టాపు మీద విజయనగరం చేరింది.

3. తర్వాత కుడిచేత్తో ఒక్కో గేరూ దించండి.

ముందు 42, వెనక 28 పళ్లుంటే ఒక్క తొక్కుకి వెనక చక్రం ఒకటిన్నర చుట్లు తిరగాలి. ముందు 24 అయితే ఒక చుట్టు కూడా అక్కర్లేదు. మోకాళ్లకి తేడా అక్కడే.

మొదట సాపు రోడ్డు మీద రెండ్రోజులు అలవాటు చేసుకోండి. అప్పటికీ బరువనిపిస్తే వెనక 34 పళ్ల ఫ్రీవీల్ (వెనక పళ్లచక్రాల గుత్తి) వేయించొచ్చు, మీ డిరైలర్‌కీ (గొలుసుని పక్కకి జరిపే భాగం) గొలుసు పొడవుకీ సరిపోతుందో లేదో మెకానిక్ చూశాకే కొనండి.