లోను సంతకం పెట్టే ముందు ఒకసారి కళ్లు మూసుకుని వినండి

ప్రశ్న: మాది నల్లగొండ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, వయసు 54. ఆలస్యంగా 2008లో చేరాను కాబట్టి సీపీఎస్, పాత పెన్షన్ రాదు. చేతికి 92 వేలు వస్తుంది. హౌసింగ్ లోను ఈఎంఐ 24 వేలు, ఇంకా ఆరేళ్లు ఉంది. పాప బీటెక్ చివరి సంవత్సరం, రెండు మూడేళ్లలో పెళ్లి చేయాలి. 3.5 లక్షల ఎఫ్‌డీ ఉంది. చిన్నప్పటి నుంచి ఘంటసాల, సుశీల పాటలంటే ప్రాణం. ఇంట్లో పన్నెండేళ్ల కిందటి స్పీకర్లు, ఆంప్లిఫయర్, సీడీ ప్లేయర్ ఉన్నాయి. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక షాపులో కొత్త సెట్టు విన్నాను. ఆంప్లిఫయర్ 2,10,000, డాక్ (సీడీలోని డిజిటల్ అంకెలను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సంకేతంగా మార్చే పెట్టె) 95,000, కేబుళ్లు 75,000, స్టాండు 20,000, మొత్తం 4 లక్షలు. స్పీకర్లు పాతవే ఉంచుకోవచ్చన్నారు. తేడా స్పష్టంగా వినిపించింది. మా ఇంటావిడ మాత్రం తనకేం తెలియలేదంటోంది. బ్యాంకు నాలుగేళ్లకు 14 శాతం మీద పర్సనల్ లోను ఇస్తామంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: లెక్చరర్ గారూ, నమస్తే. ఇన్నేళ్లు సంసారం లాగిన మనిషి పాట కోసం ఒక వస్తువు కొనుక్కుంటానంటే నేను దాన్ని దుబారా అనను. నా అభ్యంతరం ఒక్కచోటే. తేడా ఉందో లేదో తేల్చుకోకుండా దానికి అప్పు చేయబోతున్నారు.

ముందు లెక్క చూద్దాం. 4 లక్షలు, 14 శాతం, 48 నెలలు అంటే ఈఎంఐ దాదాపు 10,930. మొత్తం కట్టేది 5,24,000 పైచిలుకు, అందులో వడ్డీయే లక్షా పాతిక వేలు. హౌసింగ్ లోనుతో కలిపి నెలకు 35 వేలు, జీతంలో 38 శాతం కిస్తీలకే పోతుంది. అదే 10,930ని నెలనెలా 7 శాతం వచ్చే ఆర్‌డీలో వేస్తే నాలుగేళ్లకు దాదాపు 6 లక్షలు అవుతుంది. పాప పెళ్లి పడేది కూడా ఈ నాలుగేళ్లలోనే. పైగా మీకు పాత పెన్షన్ లేదు. 61కి రిటైరయ్యే నాటికి కూడబెట్టిందే మీకు ఆధారం. కాబట్టి లోను వద్దు. ఈ మాట మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఇక తేడా సంగతి. మీకు వినిపించిందంటే నమ్ముతాను, ఎందుకంటే నాకూ ఒకసారి అలాగే వినిపించింది. ఎనిమిదేళ్ల కింద మహబూబ్‌నగర్‌లో మా మిత్రుడింట్లో, అతను 18 వేలు పోసి తెప్పించిన స్పీకర్ వైరు వినడానికి కూర్చున్నాం. పాత వైరుతో ఒక వీణ కచేరీ పెట్టాడు, తర్వాత కొత్త వైరుతో అదే ముక్క. రెండోసారి తీగ మీద వేలు జారే చప్పుడు కూడా విడిగా తెలిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతలో స్పీకర్ వెనక కూర్చుని వైర్లు మారుస్తున్న అతని కూతురు లేచి, స్క్రూ బిగుసుకుపోయి రావట్లేదు నాన్నా, ఇంకా పాత వైరే ఉంది అంది. ఆ వేలి చప్పుడు మొదటిసారీ అక్కడే ఉంది. రెండోసారి దాని కోసం నేను చెవులు రిక్కించాను, అందుకే దొరికింది. ఆ రోజు నుంచి వైరు గురించి ఎవరేం చెప్పినా, చూడకుండా విన్నారా అని అడుగుతాను.

షాపులో ఇంకొకటి కూడా జరుగుతుంది. ఒక సెట్టు రెండోదాని కంటే అర డెసిబెల్ (శబ్దం గట్టితనానికి కొలత) గట్టిగా మోగితే మనకది గట్టిగా అనిపించదు, 'బాగుంది, నిండుగా ఉంది' అనిపిస్తుంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు. రెండు ఆంప్లిఫయర్ల వాల్యూమ్ నాబ్‌లు ఒకే అంకె మీద ఉన్నా బయటికి వచ్చే శబ్దం ఒకటే కాదు. అందుకే పరీక్షలు పద్ధతిగా చేసేవాళ్లు రెండింటి శబ్దాన్నీ 0.1 డెసిబెల్ తేడాలోపు కలిపి, ఏది మోగుతోందో వినేవాళ్లకు తెలియకుండా వినిపిస్తారు.

అలా చేసినప్పుడు ఏమైందో చెబుతాను. మామూలు సీడీ నాణ్యతకూ దానికంటే మెరుగైందని అమ్మిన ఎస్‌ఏసీడీ అనే డిస్కుకూ తేడా పట్టగలరా అని అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు పరీక్ష పెట్టి, 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఫలితాలు వేశారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా అంతే వస్తుంది. రెండో వైపు కూడా చెప్పాలి. 2016లో లండన్‌లోని క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ ఇలాంటి 18 అధ్యయనాలను కలిపి లెక్క కడితే సగటున 52 శాతం పైన సరైన జవాబులు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లకు ఇంకాస్త ఎక్కువే వచ్చాయి. అంటే తేడా పూర్తిగా లేదని కాదు, ఉన్నా వెంట్రుకవాసి. ఆ వెంట్రుకవాసి కోసం మీరు లక్షా పాతిక వేల వడ్డీ కట్టబోతున్నారు.

కేబుళ్ల 75 వేలు నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. స్పీకర్‌కు 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అయిదు మీటర్లు వేస్తే, పోనూ రానూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్ దగ్గర ఉంటుంది. మీ స్పీకర్ 8 ఓమ్‌లదైతే అందులో ఒక శాతం కూడా కాదు. మీ ఊరి ప్రకాశం బజార్‌లో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఆ వైరు ఇస్తారు. పవర్ కార్డు (గోడ ప్లగ్గు నుంచి మెషిన్‌కు వచ్చే వైరు) సంగతీ అంతే. కరెంటు మీ వీధి స్తంభం దాకా కిలోమీటర్ల కొద్దీ అల్యూమినియం తీగల్లో వచ్చి, గోడలోని మామూలు వైరు దాటి, చివరి మీటరున్నర ఖరీదైన కార్డులో నడిచినంత మాత్రాన మారిపోదు. ఓల్టేజీ ఎగిరిపడే ఏరియా అయితే ఆ డబ్బులో కొంచెం మంచి స్టెబిలైజర్‌కు పెట్టండి, మెషిన్ బతుకుతుంది.

ఆంప్లిఫయర్లన్నీ ఒకటే అని మాత్రం నేను అనను. చాలినంత పవర్ లేక గట్టి స్వరం దగ్గర శబ్దం పగిలితే అది అందరికీ వినిపిస్తుంది. పాత రేడియోల్లోలా గాజు వాల్వులు వాడే కొన్ని ఆంప్లిఫయర్లు స్పీకర్‌ను బట్టి స్వరం రంగే మార్చేస్తాయి. మీ పాతది పగలకుండా పాడుతోందా? అయితే 50 వాట్ల స్థానంలో 100 వాట్లు తెచ్చినా పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెట్టింపైనట్టు చెవికి తోచాలంటే పది రెట్ల వాట్లు కావాలి.

కళ్లు మూసుకున్నా దాగని తేడా స్పీకర్లలో ఉంటుంది, గదిలో ఉంటుంది. మీ బిల్లులో ఈ రెండిటికీ రూపాయి లేదు. మన వైపు ఇళ్లలో కింద షాబాద్ బండలు, చుట్టూ సున్నం గోడలు, హాల్లో ఒక సోఫా, ఒక టీవీ స్టాండు. చప్పట్లు కొట్టి చూడండి, గది తిరిగి చప్పట్లు కొడుతుంది. ఘంటసాల గొంతు మీ చెవికి చేరేలోపు ఆ బండల మీదా గోడల మీదా పడి కలగాపులగమవుతుంది. సోఫాకూ స్పీకర్లకూ మధ్య ఒక మందపాటి జంపఖానా పరచండి. ఎదురు గోడకు రెండు పాత బొంతలు వేలాడదీయండి. స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరిపి, మీరు కూర్చునే చోటు వైపు కొంచెం తిప్పండి. దీనికి ఒక ఆదివారం చాలు, వారం పాటు వినండి.

మీకిష్టమైన పాటల గురించి కూడా ఒక మాట. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన పాటల్లో ఎక్కువ భాగం మోనో రికార్డింగులే. ఆ టేపు మీద సన్నగా వినిపించే 'సుయ్' శబ్దం ముందు ఈనాటి మామూలు డాక్ చేసే గోల లెక్కలోకి రాదు. 95 వేల డాక్ ఆ పాటలోంచి కొత్తగా బయటికి తీసేది ఏమీ ఉండదు. ఇంకొకటి, మీకు 54. ఈ వయసుకు పైస్థాయి శబ్దాలు వినే శక్తి అందరికీ కొంత తగ్గుతుంది. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. ఆరోగ్యం కోసమే అయినా అది అవసరం.

ఇంత చెప్పినా మీ మనసు ఆ సెట్టు మీదే ఉంటే, ఇంట్లోనే పరీక్ష పెట్టుకోండి. డాక్‌ను డిపాజిట్ మీద వారం రోజులు ఇమ్మని షాపువాళ్లను అడగండి. మీ సీడీ ప్లేయర్ మామూలు అవుట్‌పుట్‌ను ఆంప్లిఫయర్ ఒక ఇన్‌పుట్‌కూ, డిజిటల్ అవుట్‌పుట్‌ను డాక్ మీదుగా రెండో ఇన్‌పుట్‌కూ కలపండి. ఒకే పాట రెండు దారుల్లో ఒకేసారి వస్తుంది. 100 హెర్ట్జ్ టోన్ (ఒకే స్థాయిలో సాగే మోత) పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో ఓల్టేజీ చూడండి. ఒకటి 2.00 చూపిస్తే రెండోది 1.98కీ 2.02కీ మధ్య ఉండాలి. పిన్నులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త.

తర్వాత పాపను ఆంప్లిఫయర్ దగ్గర కూర్చోబెట్టి మధ్యలో దుప్పటి కట్టండి. ఆమె ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే డాక్ పెట్టి, కాగితం మీద రాసుకోవాలి. మీరు ఇవతల మీ కాగితం మీద రాయండి. పదహారు సార్లు. పన్నెండు, అంతకు మించి సరిపోతే గుడ్డి అదృష్టంతో అలా వచ్చే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు, మీ చెవిని నేను ఒప్పుకుంటాను. మేడం గారినీ కూర్చోబెట్టండి. ధర పట్టించుకోకుండా వినే మనిషి ఆ ఇంట్లో ఆమే. ఆంప్లిఫయర్‌కు ఈ పరీక్ష ఇంట్లో కష్టం. షాపులోనే శబ్దం సమం చేసి, మీరు వెనక్కి తిరిగి కూర్చుంటే వినిపించమనండి. ఒప్పుకోకపోతే కొనవద్దు.

డబ్బు సంగతి ఇలా చేద్దాం. ఎఫ్‌డీ జోలికి పోవద్దు, అది అత్యవసరానికి. పాప పెళ్లికి వేరుగా ఎంత దాస్తున్నారో రాయలేదు. అది మొదలుకాకపోతే ముందు దాన్ని మొదలుపెట్టండి. దాంతో పాటు పాట పేరు మీద నెలకు 8 వేలు ఒక ఆర్‌డీ తెరవండి. ఏడాదికి లక్షకు దగ్గరవుతుంది. దాంతో మంచి స్పీకర్ల జత కొనండి, మీ హాల్లో మీ పాటలే పెట్టి విన్నాకే. పరీక్షలో డాక్ నెగ్గితే మరుసటి ఏడాది అదీ కొనుక్కోండి. అప్పటికీ కిస్తీ ఉండదు.

బ్యాంకు లోను మెసేజ్ ఏదైనా పంపి, దానిలోని లింకు మీరు నొక్కి ఉంటే రేపే బ్రాంచికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. డబ్బు ఖాతాలో పడిందంటే ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుంటారు, ముందే తీర్చేస్తానన్నా ఛార్జీ వేయవచ్చు. పరీక్షలో రాసిన పదహారు జవాబుల కాగితాలు, పాపదీ మీదీ రెండూ నాకు పంపండి, మేడం గారిది కూడా.