'డోంట్ ఫియర్ ద రీపర్' చచ్చిపొమ్మని చెప్పే పాటేనా?

ఇంటర్ చదివే మీ తమ్ముడు నెల రోజులుగా 'డోంట్ ఫియర్ ద రీపర్' అనే ఈ ఒక్క ఇంగ్లీషు పాటే వింటున్నాడని, అది ఆత్మహత్య పాట అని ఎవరో చెప్పారని, టెన్షన్‌గా ఉందని రాశారు. అలాంటి పాట కాదండీ. అలా అనుకున్నవాళ్ళు మాత్రం పాట వచ్చినప్పటి నుంచీ ఉన్నారు. రాసినాయన ఆ మాట విని నొచ్చుకున్నాడు కూడా.

నేను మొదటిసారి విన్నది కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, హాస్టల్లో. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. రీపర్ అంటే నాకు తెలిసింది ఒకటే, వరి కోసి పక్కకి పడేసే మిషన్. కోత మిషన్‌ని చూసి భయపడొద్దని పాటేంటిరా అని నవ్వాను. రూమ్మేటు జాలిపడి చెప్పాడు: తెల్లవాళ్ళ యముడి చేతిలో పాశం ఉండదు, పొడుగు కర్రకి బిగించిన పెద్ద కొడవలి ఉంటుంది, ఆయన్నే రీపర్ అంటారని.

ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నా నాకు మా చేనే కనపడేది. మొదటి చరణంలో ఏముందంటే, ఋతువులకి ఆ కోతవాడంటే భయం లేదు, గాలికీ ఎండకీ వానకీ లేదు, మనం కూడా వాటిలా ఉండొచ్చు, చెయ్యి అందుకో అని. రైతు ఇంట్లో పుట్టినవాడికి ఇది అర్థం కావడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు. సార్వా పండాక కోత పడాల్సిందే. పండిన చేను కోయకుండా వదిలేస్తే గింజ రాలి మట్టిపాలవుతుంది. పెద్దవాళ్ళు పోతే మనం 'కాలం చేశారు' అంటాం కదా, ఆ మాటకి దగ్గరగా ఉంటుంది ఈ చరణం.

పాట బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే న్యూయార్క్ బ్యాండుది, 1976లో వచ్చింది. రాసి పాడినాయన గిటారిస్టు డొనాల్డ్ రోజర్. స్టేజీ మీద ఆయన పేరు బక్ ధర్మ. యమధర్మరాజు పేరులో సగం ఎలా వచ్చి పడిందో గానీ, నాకు అదొక సరదా. అప్పటికి ఆయనకి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. తను తొందరగా పోతే ఎలా ఉంటుంది, ప్రేమించిన మనిషి మళ్ళీ కలుస్తుందా అన్న ఆలోచనలోంచి రాశానని చెప్పాడు. పాటంతా టిక్కుటిక్కుమని వినపడే గంట ఉంటుంది, ఆవు మెడలో కట్టే గంటలాంటి వాయిద్యం. అమెరికాలో దాని మీద పెద్ద కామెడీ స్కిట్టే చేశారు. నాకు మాత్రం అది దున్నపోతు మెడలో గంటే.

గొడవంతా రెండో చరణంతో వచ్చింది. అందులో రోమియో జూలియట్ పేర్లున్నాయి. వాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు కాబట్టి పాట కూడా అదే చెయ్యమంటోందని జనం లెక్క కట్టారు. చావుతో ప్రేమ ఆగిపోదని చెప్పడానికి మాత్రమే ఆ జంటని వాడుకున్నానని ఆయన సమాధానం. నిజం చెప్పాలంటే ఆ ఉదాహరణ ఎంచుకోవడం ఆయన తప్పే. అదే చరణంలో రోజుకి 40,000 మంది అని ఒక అంకె కూడా ఉంటుంది. అది రోజుకి ఎంతమంది ఆత్మహత్య చేసుకుంటారో చెప్పే లెక్క అనుకునేవాళ్ళున్నారు. రోజూ ఎంతమంది చనిపోతారో ఆయన ఊహించి వేసుకున్న అంకె అది. అప్పటికే ప్రపంచ జనాభా 400 కోట్లు, అసలు లెక్క రోజుకి లక్ష దాటుతుంది.

మూడో చరణం దగ్గరే నేను ఆగిపోతాను. ఒక ఆడమనిషి, దుఃఖంతో ఇక ఒక్క రోజు కూడా గడపలేని స్థితి. తలుపు తెరుచుకుంటుంది, గాలి వీస్తుంది, కొవ్వొత్తులు ఆరిపోతాయి, అతను వచ్చి భయపడకు అంటాడు. వచ్చింది రీపరా, ముందే పోయిన ఆమె మనిషా? పాట విప్పి చెప్పదు. మనకి సావిత్రి కథ తెలుసు, యముడి వెంటపడి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. ఇక్కడ తిరగేసి, అతనే ఆమె కోసం వస్తాడు.

మా మామ్మ పోయే ముందు మూడు రోజులు మంచం మీదే ఉంది. తాతయ్య పోయి అప్పటికి ఆరేళ్ళు. రెండో రోజు సాయంత్రం కళ్ళు తెరిచి, "ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళివ్వరేంటర్రా" అని మా అమ్మని కసిరింది. అమ్మ ఏమీ అనకుండా చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టింది. అప్పటిదాకా ఆ చరణం నాకు దెయ్యం కథలా ఉండేది.

అలాగని పాటతో పూర్తిగా ఒప్పుకోను. 1996 నవంబరు 6, దీపావళి ఇంకో నాలుగు రోజుల్లో ఉంది, ఆ రాత్రి తుఫాను. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేలమట్టం, కోతకొచ్చిన చేను నీళ్ళలో. మా వీధిలో గోడ కూలి నా క్లాసువాడొకడు చనిపోయాడు. మూడో తరగతి. గాలికి రీపరంటే భయం లేదట! మా ఊళ్ళో ఆ రాత్రి గాలే రీపరు. పండిన చేను కోయడం ఒకటి, పాలు పోసుకుంటున్న కంకిని విరిచెయ్యడం ఇంకొకటి. ఈ తేడా పాటలో ఎక్కడా లేదు. భయపడకు అన్న మాట మామ్మకి సరిపోయింది, వాడికి సరిపోదు.

ఇక తమ్ముడి సంగతి. ఫోన్ లాక్కోకండి, ఆ వయసులో దానివల్ల తలుపు గడియ పడటమే తప్ప ఒరిగేదేం ఉండదు. పక్కన కూర్చుని మీరూ వినండి. మధ్యలో గిటారు ఒక్కసారిగా తుఫానులా లేస్తుంది, చాలామంది కుర్రాళ్ళు దానికోసమే వింటారు. తర్వాత ఏ చరణం నచ్చిందిరా అని అడగండి. చావు గురించి తన సొంత మాటగా మాట్లాడినా, తిండి, నిద్ర, స్నేహితులు తగ్గినట్టు కనిపించినా పాట సంగతి పక్కన పెట్టి చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

వాడు ఏ చరణం అన్నాడో వీలైతే ఇక్కడ రాయండి.