పాఠకుల ప్రశ్నలు: ఆ పార్కు ఏ రాజుగారిదీ కాదండి

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు లివర్‌పూల్‌కి నది అవతల బర్కెన్‌హెడ్‌లో ఉంటారు. పురిటికని వెళ్ళి నాలుగు నెలలు ఉన్నాం, రోజూ సాయంత్రం బర్కెన్‌హెడ్ పార్కులో నడిచేవాళ్ళం. గేటు చూస్తే కోట గుమ్మంలా ఉంది. ఇంతకీ అది ఏ రాజుగారి తోట, జనానికి ఎప్పుడు ఇచ్చారు?

జవాబు: ఏ రాజుగారిదీ కాదండి, ఎవరూ ఇచ్చిందీ కాదు. ఈ ప్రశ్న వచ్చినందుకు నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఆ పార్కు గొప్పతనం అంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది. లండన్‌లో హైడ్ పార్కు లాంటివి రాజకుటుంబం భూములు, వాళ్ళు తలుపులు తీస్తే జనం లోపలికి వెళ్ళారు. బర్కెన్‌హెడ్‌లో అలా కాదు, ఊరే నేల కొంది, ఊరే కట్టించింది, టికెట్ లేకుండా అందర్నీ రానిచ్చింది. ఇలా ప్రజల సొమ్ముతో కట్టిన మొదటి పార్కు ఇదే అని చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఒప్పుకుంటారు.

1800 ప్రాంతంలో అక్కడ ఉన్నది వంద పైచిలుకు జనం. మెర్సీ నది మీద ఆవిరి పడవలు తిరగడం మొదలయ్యాక, 1824లో విలియం లైర్డ్ ఇనుప కార్ఖానా పెట్టాక, అదే తర్వాత ఓడలు కట్టే యార్డ్ అయ్యాక ఊరు ఎలా పెరిగిందంటే 1841కల్లా ఎనిమిది వేలు దాటేసింది. ఊరి వ్యవహారాలు చూసే ఇంప్రూవ్‌మెంట్ కమిషనర్లు అప్పటికే నదికి అటువైపు లివర్‌పూల్‌లో ఇరుకు సందులు, రోగాలు కళ్ళారా చూస్తున్నారు, మన ఊరు కూడా అలా అవ్వకముందే ఖాళీ జాగా పట్టుకోవాలి అనుకున్నారు. 1843లో పార్లమెంటులో చట్టం చేయించుకుని 226 ఎకరాలు కొన్నారు. అందులో 125 ఎకరాలు పార్కుకి ఉంచి మిగతాది చుట్టూ ప్లాట్లు వేసి పెద్దింటివాళ్ళకి ఇళ్ళు కట్టుకోడానికి అమ్మకానికి పెట్టారు. కిటికీ తీస్తే పార్కు కనిపించే ప్లాటుకి మంచి రేటు వస్తుంది కదా, ఆ డబ్బుతో పార్కు ఖర్చు రాబట్టుకోవాలని ప్లాన్. అంటే కలిగినవాళ్ళు వ్యూ కోసం కట్టిన డబ్బుతో కూలీవాళ్ళకి తోట అన్నమాట. ఎన్నిసార్లు చదివినా ఈ లెక్క నాకు భలే నచ్చుతుంది.

1847 ఏప్రిల్ 5న తెరిచారు. ఆ రోజు పదివేల మంది దాకా వచ్చారట.

ప్రశ్న: అక్కడి చెరువులు, గుట్టలు చూస్తే ముందునుంచీ ఉన్నవాటి చుట్టూ పార్కు వేసినట్టు ఉంది. నిజమేనా?

జవాబు: ఒక్కటి కూడా ముందునుంచీ ఉన్నది కాదు! అదంతా పశువులు మేసే చిత్తడి నేల. డిజైన్ చేసిన జోసెఫ్ పాక్స్‌టన్ మొదటిసారి నడిచి చూసినప్పుడు ఈ జాగా పార్కుకి అంత పనికొచ్చేది కాదు, కానీ ఇలాంటి దాన్ని అందంగా చేస్తేనే నాకు ఎక్కువ పేరు అని ఉత్తరం రాసాడు. నీళ్ళు నిలిచే చోట కాలవలు తీసి, లోతుగా తవ్వి రెండు చెరువులు చేసాడు, తవ్విన మట్టిని ఎక్కడికో తోలకుండా పక్కనే గుట్టలుగా పోయించి వాటిమీద చెట్లు నాటించాడు. ఆ గుట్టల వల్లే ఏ చెరువూ ఒక చూపులో మొత్తం కనపడదు, దారి మలుపు తిరిగితే కొంచెం కనపడుతుంది, ఇంకో మలుపు తిరిగితే ఇంకొంచెం, మీరు నాలుగు నెలలు రోజూ నడిచినా విసుగు రాలేదంటే కారణం అదే. దగ్గరుండి పనులు చూసింది ఎడ్వర్డ్ కెంప్, తర్వాత పార్కు చూసుకునే బాధ్యత కూడా ఆయనకే ఇచ్చారు.

పాక్స్‌టన్ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాదు, రైతు కొడుకు. 23 ఏళ్ళకే చాట్స్‌వర్త్‌లో డెవన్‌షైర్ డ్యూక్ తోటకి హెడ్ గార్డెనర్ అయ్యాడు, అక్కడ పెద్ద పెద్ద అద్దాల ఇళ్ళు కట్టడం నేర్చుకున్నాడు, 1851లో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్‌కి లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద అద్దాల భవనం డిజైన్ చేసింది ఈయనే. ఒక తోటమాలి కట్టిన పార్కు కాబట్టే అందులో మొక్కకి, నీటికి, నడకకి అంత మర్యాద ఉందని నా నమ్మకం.

మీరు చెప్పిన గేటు, చుట్టూ ఉన్న కాపలా ఇళ్ళు, పడవల ఇల్లు కట్టడంలో లూయిస్ హార్న్‌బ్లోయర్, జాన్ రాబర్ట్‌సన్ అనే ఆర్కిటెక్టుల పని ఉంది. ఈసారి వెళ్తే ఆ చిన్న ఇళ్ళని ఆగి చూడండి, ఒకటి గోథిక్, ఒకటి ఇటాలియన్, ఒకటి నార్మన్, ఇంకోటి బుల్లి కోటలా, ఒకదానిలా ఒకటి ఉండదు. పైకప్పు ఉన్న చెక్క వంతెన అయితే స్విట్జర్లాండ్ వంతెనల్ని చూసి కట్టింది.

ప్రశ్న: న్యూయార్క్ సెంట్రల్ పార్కు దీన్ని చూసే కట్టారని మా అల్లుడు అంటాడు. గొప్ప కోసం చెప్తున్నాడా?

జవాబు: నిజమే చెప్తున్నాడు. 1850లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ అనే కుర్ర అమెరికన్ లివర్‌పూల్‌లో ఓడ దిగి, ఫెర్రీలో బర్కెన్‌హెడ్ వచ్చి ఒక బన్నుల షాపులో ఆగాడు. ఆ షాపాయన మా కొత్త పార్కు చూడకుండా వెళ్ళొద్దు అని పట్టుబట్టాడు. వెళ్ళి చూసి ఆశ్చర్యపోయాడు, ప్రజాస్వామ్యం అని చెప్పుకునే మా అమెరికాలో ఇలాంటి ప్రజల తోట ఒక్కటీ లేదే అని తర్వాత రాసుకున్నాడు, కటిక పేదవాడు కూడా రాణితో సమానంగా ఇక్కడ తిరుగుతున్నాడని కూడా రాసాడు. 1858లో సెంట్రల్ పార్కు డిజైన్ పోటీలో గెలిచింది ఆయన, ఆయన పార్ట్‌నర్ కాల్వర్ట్ వాక్స్. బండ్ల దారి వేరు, నడిచేవాళ్ళ దారి వేరు అనే పద్ధతి పాక్స్‌టన్ బర్కెన్‌హెడ్‌లో చేసిందే, న్యూయార్క్‌లో దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళి, అడ్డంగా పోయే రోడ్లని నేలమట్టం కన్నా కిందకి దించేసారు. ఆ బన్నుల షాపాయన పేరు చరిత్రలో లేదు గానీ నాకు ఆయనంటే చాలా గౌరవం.

ప్రశ్న: డెర్బీ ఊళ్ళో ఆర్బొరీటమ్ (రకరకాల చెట్లు పెంచే తోట) ఇంకా పాతది అని చదివాను. మరి బర్కెన్‌హెడ్ మొదటిది ఎలా అవుతుంది?

జవాబు: మంచి పాయింట్. డెర్బీది 1840లోనే తెరిచారు, కాకపోతే అది దానం. జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని తన 11 ఎకరాలు ఊరికి ఇచ్చాడు, జాన్ క్లాడియస్ లౌడన్ డిజైన్ చేసి వెయ్యి రకాల పైన చెట్లూ పొదలూ నాటించాడు, చూడటానికి వచ్చిన కార్మికుడికి చెట్ల గురించి తెలియాలని ఆయన పట్టుదల. కానీ ఖర్చులకోసం ఆదివారం, బుధవారం తప్ప మిగతా రోజుల్లో టికెట్ ఉండేది, 1882 దాకా అంతే. వారానికి ఆరు రోజులు మిల్లులో ఉండేవాడికి అందులో ఎన్ని రోజులు దక్కుతాయో మీరే చూడండి. అందుకే నేను బర్కెన్‌హెడ్‌కే ఓటేస్తాను.

వీటన్నిటికీ వెనకాల 1833 నాటి పార్లమెంటు కమిటీ రిపోర్ట్ ఉంది, ఫ్యాక్టరీ ఊళ్ళలో జనం నడవడానికి చోటే లేదని అందులో గట్టిగా చెప్పారు. ఆ తర్వాతే మాంచెస్టర్, సాల్ఫర్డ్‌లో మూడు పార్కులు 1846లో ఒకే రోజు తెరిచారు, వాటికి జనం చందాలు కూడా వేసుకున్నారు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఏ పాత పార్కుకి వెళ్ళినా ఇనుప బ్యాండ్‌స్టాండ్ (బ్యాండు వాయించే మండపం), మంచినీళ్ళ ఫౌంటెన్ ఉంటాయి, అన్నీ ఒకే చేత్తో చేసినట్టు. ఎందుకని?

జవాబు: చాలావరకు కేటలాగ్ సరుకు కాబట్టి. గ్లాస్గోలో మాక్‌ఫార్లేన్ వాళ్ళ సారాసెన్ ఫౌండ్రీ లాంటివి స్తంభాలు, కప్పులు, రెయిలింగులు పోత పోసి బొమ్మల పుస్తకంలో పెట్టి అమ్మేవి, ఊరి కౌన్సిల్ ఫలానా నంబర్ కావాలంటే ముక్కలుగా రైల్లో వచ్చేసేది, అక్కడ బిగించుకోవడమే.

ఫౌంటెన్ల సంగతి వేరే, అక్కడ ప్రాణాల విషయం ఉంది. కలుషితమైన నీళ్ళతో కలరా వస్తున్న రోజులు, శుభ్రమైన నీళ్ళు దొరక్క జనం బీరు తాగేవాళ్ళు, అందుకని తాగుడు మాన్పించే సంఘాలవాళ్ళు ఫౌంటెన్లు కట్టించారు. లండన్ విక్టోరియా పార్కులో 1862లో ఏంజెలా బర్డెట్-కూట్స్ కట్టించింది చూస్తే గుడి మండపమా అనిపిస్తుంది.

బ్యాండ్‌కి కూడా గొడవ జరిగింది. పనివాళ్ళకి సెలవు ఆదివారమే, ఆ రోజు పాటలేంటి అని చర్చి పెద్దలు పట్టుబట్టి 1856లో లండన్ పార్కుల్లో సంగీతం ఆపించేసారు. అంత అడ్డుకున్నా తర్వాత బ్యాండ్‌స్టాండ్ లేని పార్కే లేదన్నంతగా వచ్చేసాయి.

ప్రశ్న: పార్కు గోడల మీద వరసగా చిన్న ఇనుప మొండేలు ఉన్నాయి. అవేంటి?

జవాబు: అవి కోసేసిన రెయిలింగులు. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధ సామగ్రికి ఇనుము కావాలని ఊరూరా కోసుకుపోయారు, చాలా చోట్ల మళ్ళీ పెట్టలేదు.

ప్రశ్న: వచ్చే ఏడు లండన్‌లో రెండు రోజులు ఉంటాం, మనవడికి ఏడేళ్ళు. ఇలాంటి పార్కు ఒక్కటే చూడాలంటే ఏది?

జవాబు: నా మనసు విక్టోరియా పార్కు వైపే లాగుతుంది, ఈస్ట్ ఎండ్ జనం కోసం ముప్ఫై వేల సంతకాలతో రాణికి అర్జీ పెట్టుకుని సాధించుకున్నది కాబట్టి. కానీ ఏడేళ్ళ పిల్లాడితో అయితే సిడెన్‌హామ్ వైపు క్రిస్టల్ ప్యాలెస్ పార్కుకే వెళ్ళండి. ప్యాలెస్ 1936లో కాలిపోయింది, మెట్లూ పునాదులే మిగిలాయి. కింద చెరువు దగ్గర మాత్రం బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ చేసిన డైనోసార్లు ఇంకా ఉన్నాయి, 1854 నాటివి, నిలువెత్తు డైనోసార్ బొమ్మలు చెయ్యడం ప్రపంచంలో అదే మొదటిసారి. అప్పటికి పూర్తి ఎముకల గూళ్ళు దొరకలేదు, అందుకే ఇగ్వానోడాన్ అనే డైనోసార్ చేతి బొటనవేలి ఎముకని ముక్కు మీద కొమ్ముగా పెట్టేసారు. తప్పని తర్వాత తెలిసినా ఎవరూ మార్చలేదు, ఆ కొమ్ముతో సహా చారిత్రక కట్టడాలుగా కాపాడుతున్నారు. ముందు ఏమీ చెప్పకుండా మనవణ్ణి అక్కడ నిలబెట్టి తప్పు ఎక్కడుందో పట్టుకోమనండి.