తసమదీయులు తప్పయితే మాయాబజార్ గొప్పదెలా అయింది?

ప్రశ్న: మాయాబజార్ సినిమా తెలుగు భాషకు కిరీటం లాంటిదని అందరూ పొగుడుతారు. 2013లో భారతీయ సినిమా వందేళ్ల సందర్భంగా ఒక జాతీయ చానెల్ పెట్టిన ఓటింగులో మొదటి స్థానం కూడా దానికే వచ్చింది. కానీ వ్యాకరణం చదువుకున్న కళ్లతో చూస్తే, ఎదుటిపక్షం వాళ్లు అనే అర్థంలో వాడిన 'తసమదీయులు' అనే మాట సంస్కృతంలోనే లేదు. 'వీరతాడు' సగం సంస్కృతం, సగం తెలుగు. సినిమా పేరులోనేమో సంస్కృతానికీ పారసీకానికీ ముడిపెట్టారు. భాష విషయంలో ఆ సినిమాకు అంత పేరు తగునా? పిల్లలకు ఏమని చెప్పాలి?
(ఒక తెలుగు ఉపాధ్యాయురాలు)

సమాధానం: అమ్మా, మీరు పట్టుకున్న మూడూ నిజమే. ఇంత శ్రద్ధగా సినిమా చూసే ఉపాధ్యాయులు ఉన్నందుకు సంతోషం కూడా. కానీ తీర్పు దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. ఆ పేరు దానికి తగినదే, కాకపోతే అందరూ చెప్పే కారణానికి కాదు.

ముందు తసమదీయుల సంగతి చూద్దాం. సంస్కృతంలో 'అస్మద్' అంటే మేము, దానికి 'ఈయ' చేరితే అస్మదీయ, అంటే మాది, మావాళ్లు. అలాగే యుష్మద్ (మీరు) నుంచి యుష్మదీయ, తద్ (అది, వాళ్లు) నుంచి తదీయ. ఉత్తరం చివర మనం పెట్టే 'భవదీయుడు' కూడా ఈ కుదురులోదే. 'తస్మద్' అనే ప్రాతిపదిక, అంటే మూలరూపం, మాత్రం లేదు కాబట్టి తస్మదీయ అనే మాట పుట్టే దారే లేదు. ఇక్కడిదాకా మీ మాటే నెగ్గుతుంది.

అయితే ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడండి. కృష్ణుడు అనలేదు, బలరాముడు అనలేదు. ఘటోత్కచుడి కొలువులో, గురువు చిన్నమయ్య దగ్గర అప్పుడప్పుడే సంస్కృతం ఒంటపట్టించుకుంటున్న రాక్షసుల మాట అది. వాళ్ల నాలుకకు 'స్మ' తిరగదు, మధ్యలో ఒక అచ్చు చొరబడి 'అసమదీయులు' అవుతుంది. దీన్ని స్వరభక్తి అంటాం. రత్నం రతనమైంది ఇలాగే, యత్నం జతనమైంది ఇలాగే, పద్మం పదుమమైంది కూడా ఇలాగే, వీటిని మన కవులే వాడారు. అంటే రచయిత పింగళి నాగేంద్రరావు ఆ రాక్షసుడి చేత ఏదో వంకరగా పలికించలేదు, తెలుగు నోరు సంయుక్తాక్షరాన్ని వందల ఏళ్లుగా ఎలా విరుస్తోందో సరిగ్గా అలాగే పలికించాడు. ఆ తర్వాత 'మనవాళ్లు' అసమదీయులైతే ఎదుటివాళ్లు ఏమవ్వాలి? 'అ' తీసి 'త' పెట్టేశారు. ఇది సాదృశ్యం. రెండోసారి, మూడోసారి అంటున్నాం కదా అని చిన్నపిల్లలు 'ఒకటోసారి' అంటారే, అదే పని. భాష నేర్చుకునేవాడు చేసే తప్పు ఇలాగే ఉంటుంది, దానికీ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాడే అలా రాయగలడు. ఆ తర్వాత ఘటోత్కచుడు, మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎలా పుడతాయని అడిగి, ఆ శిష్యుడికి వీరతాడు వేయిస్తాడు. అంతకన్నా సూటిగా భాషాశాస్త్రం మేమెవరం క్లాసులో చెప్పలేదు.

నాకు ఈ విషయం అర్థమైంది ఒక విద్యార్థి వల్ల. ఎన్నో ఏళ్ల కిందట అతను తన వ్యాసంలో 'అస్మదీయులు, తసమదీయులు' అని రాస్తే రెండో మాట కింద ఎర్రసిరాతో గీత గీసి పక్కన 'తదీయులు' అని రాశాను. అతను నా బల్ల దగ్గరికొచ్చి ఆ వాక్యాన్ని నా మాటతో పైకి చదివాడు. వినగానే తెలిసింది, వాక్యం చచ్చిపోయింది. ఎందుకంటే తెలుగులో తదీయులు అనగానే వైష్ణవ సంప్రదాయం తెలిసినవాళ్లకు భగవంతుడి భక్తులు గుర్తొస్తారు, భక్తులకు పెట్టే భోజనాన్ని తదీయారాధన అంటారు. శత్రుపక్షం అనే అర్థం ఆ మాటకు రాదు. వ్యాకరణం ఇచ్చిన మాట పనికి రాలేదు, రాక్షసుడు పుట్టించిన మాట పనికొచ్చింది. ఆ గీత గీసినందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఇక్కడే ఇంకో సంగతి. పత్రికల్లో రాజకీయ వార్తల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది సినిమాలోని 'తసమదీయులు' కాదు, 'తస్మదీయులు'. ఎవరో ఆ మాటను బాగుచేద్దామని 'స'కు మ వత్తు తిరిగి తగిలించారు, దాంతో అది అచ్చంగా సంస్కృతం మాటలా కనిపిస్తోంది, చదువుకున్నవాళ్లు కూడా నిఘంటువులో వెతుకుతున్నారు. నా దృష్టిలో నిజమైన తప్పు ఇదీ, సినిమాలోది కాదు.

మీరు అడగలేదు గానీ, ఈ సినిమా భాషకు నేను నమస్కారం పెట్టేది మాత్రం 'గింబళి', 'గిల్పం' దగ్గర. పెళ్లికి కౌరవుల తరఫున వచ్చిన శర్మ, శాస్త్రుల్ని ఆటపట్టించే మాయ కంబళి, మాయ తల్పం ఇవి. కాస్త ఆగి ఈ మాటల్ని విడదీసి చూడండి. తెలుగులో ఏ మాటకైనా జంట కట్టాలంటే మొదటి అక్షరం తీసి 'గి' పెడతాం, అది దీర్ఘమైతే 'గీ' పెడతాం. పులి గిలి, పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ, సినిమా గినిమా. నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లిషు మాటకైనా సరే, ఎవరూ నేర్పకుండానే చేసేస్తాం. ఆ లెక్కన కంబళికి గింబళి, తల్పానికి గిల్పం, రెండూ నూటికి నూరుపాళ్లు సూత్రం ప్రకారమే ఉన్నాయి. అయితే ఈ రెండో ముక్కను మనం ఎప్పుడూ విడిగా వాడం. గిలి వచ్చింది, గిస్తకం చదివాను అని ఎవరూ అనరు. దానికి సొంత అర్థం లేదు, 'అలాంటిదే ఇంకేదో' అని సైగ చేస్తుంది అంతే. పింగళి ఆ ముక్కను ఒంటరిగా నిలబెట్టి ఒక వస్తువుకు పేరు పెట్టాడు. కంబళి లాంటిదే, కానీ కంబళి కాదు! మాయావస్తువుకు అంతకన్నా సరైన పేరు ఏముంటుంది చెప్పండి? ఏ నిఘంటువులోనూ లేని మాట, అయినా వినగానే ప్రతి తెలుగువాడికీ అర్థమైపోతుంది, ఇంకో భాషలోకి తీసుకెళ్లాలంటే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. 1957 మార్చిలో విడుదలైన సినిమా, ఈరోజు పదేళ్ల పిల్లకు చూపించినా గింబళి అనగానే నవ్వుతుంది.

'మాయాబజార్' విషయంలో మీ అభ్యంతరం వ్యాకరణం ప్రకారం సరైనదే. సంస్కృతంలో మాయా, తెలుగులోకి వచ్చేసరికి చివరి దీర్ఘం పోయి మాయ. తెలుగు మాటతోనో, తెలుగైపోయిన పరాయి మాటతోనో కలిసినప్పుడు పొట్టిగానే ఉండాలి: మాయమాటలు, మాయరోగం. సంస్కృతం మాట పక్కన అయితేనే దీర్ఘం, మాయాజాలం లాగా. కాబట్టి మాయబజారు అనాలి. కానీ ఆ పేరు ఈ సినిమా వాళ్లు పెట్టింది కాదు, 1936లో వచ్చిన శశిరేఖా పరిణయాన్ని కూడా మాయాబజార్ అనేవాళ్లు. అయినా జిల్లాధికారి అని రోజూ రాస్తూ, చివరాఖరుకి అని రోజూ అంటూ, దీనొక్కదాని మీద పడటం న్యాయం కాదేమో. మొదటిదాంట్లో అరబ్బీ మాటకు సంస్కృత సంధే చేసేశాం.

వీరతాడులో అసలు తప్పే లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమే సమాసాల్ని సాంస్కృతికం (సంస్కృత పదాలది), ఆచ్ఛికం (తెలుగు పదాలది), మిశ్రం (రెండూ కలిసినది) అని మూడుగా చెప్పింది. ఇది మిశ్రం.

ఇక అసలు ప్రశ్న. ఈ సినిమాను పొగిడేవాళ్లు చాలామంది అందులో అంతా అచ్చతెలుగనీ, తప్పుల్లేని తెలుగనీ, ప్రతి మాటా కొత్తగా సృష్టించిందేననీ అంటారు. ఆ పొగడ్త నిలబడదు. శశిరేఖ కథ వ్యాసభారతంలో లేదు, జనం చెప్పుకున్న కథ నాటకాల్లోకి, అక్కడి నుంచి సినిమాల్లోకి వచ్చింది. 'వివాహభోజనంబు' అంతకు ముందే నాటకాల్లో ఉన్నది. ఇవన్నీ ఒప్పుకున్నా దాని గొప్ప ఇసుమంత తగ్గదు. పాత్రకు తగ్గ నోరు ఇవ్వడంలో ఉంది దాని గొప్ప. సావిత్రి ఒకే ముఖంతో శశిరేఖగా ఒక రకంగా, మాయాశశిరేఖగా ఇంకో రకంగా మాట్లాడుతుంది, కళ్లు మూసుకుని విన్నా ఎప్పుడు ఎవరో తెలిసిపోతుంది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం గురించి, మార్కస్ బార్ట్‌లీ కెమెరా గురించి చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు, నా పరిధి మాట వరకే. మాట వరకు మాత్రం ఈ సినిమాకు దక్కిన పేరులో ఒక్క అక్షరం కూడా ఎక్కువ కాదు.

పిల్లలకు ఇలా చెప్పండి. పరీక్షలో అస్మదీయులకు వ్యతిరేకం అడిగితే పరకీయులు అనో, పరపక్షం అనో రాయమనండి. సొంతంగా వ్యాసం రాసేటప్పుడు తసమదీయులు అని నిక్షేపంగా రాసుకోవచ్చు, మ వత్తు మాత్రం తగిలించొద్దు. సినిమా పేరు మాయాబజార్ అనే రాయాలి, అది పేరు కాబట్టి. ఆ తర్వాత వాళ్లకు తోచిన ఏ వస్తువుకైనా గింబళి లాంటి పేరొకటి పెట్టి తీసుకురమ్మనండి. వచ్చినవాటిలో మీకు నచ్చినవి నాకూ రాసి పంపండి, చదవాలని ఉంది.