మంచం కింద పెట్టెలు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు సొంతంగా వేయించుకున్న పిల్లల పుస్తకం వచ్చి ఇరవై రోజులైందని, మొదటి వారం 60 కాపీలు పోయాయని, ఆ తర్వాత రోజుకొకటి కూడా కదలడం లేదని రాశావు. చివర్లో "అంత బాగోలేదేమోనండీ" అని ఒక మాట. ఆ 60 మంది ఎవరో ఒకసారి చూసుకో. మేనత్తలు, పాత క్లాస్‌మేట్లు, ఆఫీసులో పక్క సీటు వాళ్లు. వాళ్లు నీ మొహం చూసి కొన్నారు. అందులో తప్పేం లేదు, అందరికీ మొదటి బోణీ అలాగే అవుతుంది. కానీ మొహం చూసి కొనేవాళ్లు ఎవరికైనా కొద్దిమందే ఉంటారు. వాళ్లు అయిపోగానే అంతా చప్పబడుతుంది. అసలు పాఠకులకి నీ పుస్తకం ఉందన్న సంగతే ఇంకా తెలీదు. తెలియని పుస్తకాన్ని బాగోలేదని ఎవరంటారు?

నా సంగతి చెప్తాను, నవ్వుకో. మొదటి పుస్తకం 1000 కాపీలు వేయించాను. ఆఫ్‌సెట్ అచ్చు పద్ధతిలో ప్లేట్లు చేసి మెషీన్ ఎక్కించడానికే చాలా ఖర్చయిపోతుంది, ఆ తర్వాత ఎన్ని వేస్తే కాపీకి పడే ధర అంత తగ్గుతుంది. ప్రెస్సాయన ఈ లెక్క చెప్పగానే తెగ సంబరపడ్డాను. అమ్ముడుపోని కాపీ ఎంతకి పడుతుందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆవిష్కరణ రోజు 43 పోయాయి. తర్వాత మూడు నెలల్లో ఏడు. మిగతా 950 మంచం కిందికి చేరాయి. రాత్రి అటు దొర్లినా ఇటు దొర్లినా కొత్త అట్టపెట్టెల వాసనే.

అది చాలదన్నట్టు, నాలుగో నెలలో ఒక పిల్లవాడు నా పుస్తకం తిరగేస్తూ "నక్కకి ఎర్ర కండువా కదా, ఇక్కడ నీలం ఎందుకుంది?" అన్నాడు. ఐదో పేజీలో ఎరుపు, తొమ్మిదో పేజీలో నీలం. నేను చూడలేదు, బొమ్మలు వేసినాయన చూడలేదు, ప్రూఫులు దిద్దిన ఇద్దరూ చూడలేదు. ఆరేళ్లవాడు ఒక్క నిమిషంలో పట్టేశాడు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా చెప్తాను: ముందు ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌లో ఓ వంద కాపీలు వేయించుకో, కాపీకి ఎక్కువ పడినా సరే. వాటిని పిల్లల మధ్య పడేసి తప్పులు పట్టించు, ఆ తర్వాత ఆఫ్‌సెట్ సంగతి చూద్దువు. నువ్వు ఎన్ని వేయించావో రాయలేదు. రాయలేదంటే ఎక్కువే అయ్యుంటాయి.

సొంతంగా వేసుకున్నవాళ్ల గురించి మాటొస్తే అందరూ ఇంగ్లండ్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ పేరెత్తుతారు. ప్రచురణకర్తలు వద్దంటే పీటర్ రాబిట్ అనే కుందేలు కథని 1901 డిసెంబర్‌లో సొంత డబ్బుతో 250 కాపీలు వేయించుకుంది, మరుసటి ఏడాదే ఒక ప్రచురణ సంస్థ రంగుల బొమ్మలతో తెచ్చింది అని. నిజమే. కానీ ఆ కథ 1893లో జబ్బుపడ్డ ఒక పిల్లవాడికి ఆవిడ రాసిన ఉత్తరమని చెప్పేవాళ్లు తక్కువ. అంటే అచ్చుకి ఎనిమిదేళ్ల ముందే ఒక పిల్లవాడి చేతికి చేరింది. పిల్లల చేతుల్లో ఇమడాలని పుస్తకాన్ని చిన్న సైజులో ఉంచాలని పట్టుబట్టిందట కూడా. 1903లో కుందేలు బొమ్మ తానే కుట్టి దానికి పేటెంట్ తీసుకుంది. "నా పుస్తకం నేనే అమ్ముకోవడం నామోషీగా ఉంది" అని రాశావే, అందుకని చెప్తున్నా.

మన తిప్పలన్నిటికీ మూలం ఒకటే. పిల్లల పుస్తకం చదివేది ఒకరు, కొనేది ఇంకొకరు. నేను చాలాకాలం కొనేవాళ్లతోనే మాట్లాడాను. ఒకసారి పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టాను. ఒక తండ్రి వచ్చాడు. కథలో నీతి ఏముందో, ఏ వయసువాళ్లకో, పదజాలం ఎలా పెరుగుతుందో పది నిమిషాలు వాయించాను. ఆయన కూతురు ఆ పది నిమిషాలూ టేబుల్ కింద కూర్చుని పుస్తకం మొత్తం చదివేసింది. తర్వాత లేచి, మిగతా కాపీల మీద అంచులు కలిసేలా జాగ్రత్తగా పెట్టింది. "ఇంట్లో ఉన్నవే చదవట్లేదండీ" అంటూ ఆయన నడిచాడు. ఆ పిల్లని నేను ఒక్క మాట అడగలేదు. ఏ పేజీ నచ్చిందమ్మా అని అడిగి, అది నాన్న వినేలా చెప్పించి ఉంటే సరిపోయేది.

ఆ మర్నాటి నుంచి ఒక పని చేశాను. మూలలు నలిగిన కాపీ ఒకటి తీసి టేబుల్ ముందు చిన్న స్టూలు మీద, పిల్లల చేతికి అందేట్టు పెట్టాను. కొత్త కాపీని ముట్టుకుంటే పెద్దవాళ్లు కసురుతారు, నలిగినదాన్ని ఎవరూ పట్టించుకోరు. మనం చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. నాకది చాలా కష్టమైంది.

బడులకి వెళ్తానన్నావు, మంచిదే. పది చోట్లకి రాస్తే ఒకరు జవాబిస్తారు, బాధపడకు. అయితే ఏ తరగతో ముందే మాట్లాడుకో. ఒకచోట ఒకటి నుంచి పదో తరగతి దాకా అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. మైకు పనిచేయలేదు. పదో తరగతి వాళ్లు ఆవలిస్తుంటే నేను నక్కలా అరిచాను. ఒక్క కాపీ పోలేదు. చిన్నపిల్లలైతే పావుగంట చాలు, ఒక సెక్షన్ చాలు. కొనుక్కోవాలనుకునేవాళ్లకి వారం ముందే చీటీ పంపించు. ఆ రోజు డబ్బు తేని పిల్లలు చిన్నబుచ్చుకోకుండా తరగతికి ఒక కాపీ ఉచితంగా ఇచ్చి రా. ఇది దానధర్మం కాదు, ఆ కాపీ ముప్ఫై ఇళ్లకి తిరుగుతుంది.

షాపుల గురించి క్లుప్తంగా చెప్తాను. అమ్ముడైతే డబ్బు, లేకపోతే వాపసు అంటారు. కమిషన్ సగం దాకా అడగొచ్చు, ధర వేసేముందే అది లెక్కేసుకోవాలి. ఎన్ని ఇచ్చావో తేదీతో రాసి సంతకం తీసుకో. మొహమాటపడితే మునుగుతావు. నాకొక షాపువాళ్లు పదింటికి ఎనిమిది వెనక్కిచ్చారు, అట్టల మీద మరకలతో. మిగతా రెండూ ఏమయ్యాయో ఇప్పటికీ చెప్పలేదు.

ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఐదు స్టార్ల రివ్యూలు వేయించే పని మాత్రం పెట్టుకోకు. అమెజాన్‌లో బంధువులు, దగ్గరివాళ్ల రివ్యూలు నిబంధనలకి విరుద్ధం, తీసేస్తారు. లైకుల టెన్షన్ కూడా వద్దు. "కొనండి" అని వీడియో పెట్టేకంటే రెండు పేజీలు చదివి, మూడోది తిప్పబోతూ ఆపేయి.

మొదటి నెలలో అమ్ముడుపోకపోతే ఇక అంతే అని నీకెవరు చెప్పారోగానీ, అది పెద్దల పుస్తకాలకి సరిపోతుందేమో, మనకి కాదు. ప్రతి ఏడూ కొత్తగా ఐదేళ్లవాళ్లు తయారవుతారు. వాళ్లకి నీ పుస్తకం ఎప్పుడొచ్చిందో అనవసరం. నా పెట్టెలు కదిలింది రెండో ఏడాదిలో, ఖాళీ అయింది ఐదో ఏడాదిలో. ఏప్రిల్ 2 డెన్మార్క్ పిల్లల కథల రచయిత ఆండర్సన్ పుట్టినరోజు, 1967 నుంచి అంతర్జాతీయ బాలల పుస్తక దినంగా జరుపుతున్నారు. బడులూ లైబ్రరీలూ ఆ రోజుకి ఏదో ఒక కార్యక్రమం వెతుక్కుంటాయి. ఫిబ్రవరిలోనే ఉత్తరాలు రాసి పెట్టు.

నాకు ఐదు కాపీలు పంపు. డబ్బు పంపుతున్నాను, వద్దని వెనక్కి పంపావంటే కోపమొస్తుంది. అందులో ఒకటి మూలలు నలిగింది ఉంటే చూడు, పక్కింటి పిల్లల కోసం గుమ్మం దగ్గర పెడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి రచయిత్రి