సిన్సా, ఫరా? బయా, టిల్లా?

ప్రశ్న: తెలుగు మీడియంలో చదివి బీకాం పూర్తి చేశాను. రెండేళ్ల నుంచి ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర పనిచేస్తూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకు ప్రిపేరవుతున్నాను. ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో ‘ఐయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అన్నాను. అక్కడి మేడమ్ అందరి ముందూ సరిదిద్దారు. అప్పట్నుంచి నోరు తెరవాలంటేనే టెన్షన్. ఇన్, ఆన్, ఎట్ రూల్స్ ఎన్నిసార్లు బట్టీపట్టినా పరీక్షలో తడబడుతున్నాను. ఎలా నేర్చుకోవాలి?

జవాబు: ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో చెప్పేవాళ్లలో చాలామంది ఈ వాక్యాన్ని ఇలాగే అంటారు. మనం ‘రెండేళ్ల నుంచి’ అంటాం, ‘జూన్ నుంచి’ అనీ అంటాం. రెండింటికీ మనకు ‘నుంచి’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో సరిపోదు. పని ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్ వాడాలి, ఎంతకాలంగా సాగుతోందో చెబితే ఫర్. క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి చూపించగలిగితే సిన్స్ అనుకోండి: సిన్స్ జూన్, సిన్స్ మండే, సిన్స్ నైన్ ఓ క్లాక్. గంటలు, రోజులు, ఏళ్లు అని లెక్క చెబుతున్నారంటే ఫర్: ఫర్ త్రీ అవర్స్, ఫర్ టూ ఇయర్స్.

మీ వాక్యంలో ఇంకో తప్పు కూడా ఉంది. అప్పుడెప్పుడో మొదలైన పని ఇప్పటికీ సాగుతోంది కాబట్టి ‘ఐయామ్ వర్కింగ్’ కుదరదు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. పరీక్షకు ఇది బాగా పనికొచ్చే విషయం. ఎర్రర్ స్పాటింగ్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నల్లో, సిన్స్ సరిగ్గానే ఉండి, తప్పు క్రియలో దాగి ఉండొచ్చు. అందుకే వాక్యంలో సిన్స్ గానీ ఫర్ గానీ కనిపించగానే క్రియ వైపు కూడా ఓసారి చూడండి. అలాగే ‘రెండేళ్ల క్రితం చేరాను’ అనడానికి చాలామంది ‘బిఫోర్ టూ ఇయర్స్’ అంటారు. ‘ఐ జాయిన్డ్ టూ ఇయర్స్ ఎగో’ అనండి.

ఇన్, ఆన్, ఎట్ గురించి మీరు భయపడుతున్నంత ఏమీ లేదు. గడియారం చెప్పే టైముకు ఎట్, రోజుకూ తేదీకీ ఆన్, నెలకూ సంవత్సరానికీ ఇన్. చిక్కంతా రోజులోని భాగాల దగ్గరే. ‘ఇన్ ద మార్నింగ్’ అంటాం గానీ, రోజు పేరు వచ్చి చేరగానే ‘ఆన్ మండే మార్నింగ్’ అయిపోతుంది. రాత్రికి మామూలుగా ‘ఎట్ నైట్’. లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీ అనే మాటల ముందు ఈ మూడింటిలో ఏదీ రాదు. ‘ఆన్ లాస్ట్ మండే’ తప్పు, ‘లాస్ట్ మండే’ చాలు. వీకెండ్‌కు బ్రిటిష్‌వాళ్లు ఎట్ అంటారు, అమెరికన్లు ఆన్ అంటారు. రెండూ సరైనవే, దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

నా ఉద్దేశంలో ఉద్యోగంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి బై, టిల్. ఇక్కడ మాత్రం తెలుగు మీకు సాయపడుతుంది. ‘కల్లా’ అనే చోట బై, ‘దాకా’ అనే చోట టిల్. మీ పనిలోంచే తీసుకుందాం. నెలనెలా జీఎస్‌టీఆర్-3బీ అనే జీఎస్‌టీ రిటర్న్ వేసే వ్యాపారికి గడువు మరుసటి నెల 20వ తేదీ. ‘వుయ్ మస్ట్ ఫైల్ ఇట్ బై ద ట్వెంటీయత్’ అంటే 20వ తేదీ దాటకుండా ఎప్పుడైనా వేయొచ్చని. అదే ‘ఆన్ ద ట్వెంటీయత్’ అంటే ఆ ఒక్క రోజే వేయాలని. ఇక క్లయింట్‌కు మెయిల్‌లో ‘ప్లీజ్ సెండ్ ద బిల్స్ టిల్ ఫ్రైడే’ అని రాశారనుకోండి. శుక్రవారం దాకా బిల్లులు పంపుతూనే ఉండమని అర్థం వస్తుంది. మీకు కావాల్సింది శుక్రవారంకల్లా కాబట్టి ‘బై ఫ్రైడే’ అని రాయాలి. ఆఫీసు తొమ్మిదిదాకా తెరిచి ఉంటుందంటే మాత్రం ‘ఓపెన్ టిల్ నైన్’.

ఇంటర్వ్యూలో ‘ఎప్పుడు చేరగలరు?’ అని అడిగితే కూడా జాగ్రత్తగా ఉండండి. మనం ‘పదిహేను రోజుల్లో చేరతాను’ అన్నప్పుడు సాధారణంగా ఆలోపు ఎప్పుడైనా అనే అర్థంలో అంటాం. ఇంగ్లిష్‌లో ‘ఇన్ ఫిఫ్టీన్ డేస్’ అంటే ఈ రోజు నుంచి పదిహేను రోజులు గడిచాక అని. ఆలోపే చేరగలిగితే ‘విదిన్ ఫిఫ్టీన్ డేస్’ అని చెప్పండి.

ఇక ప్రాక్టీస్ సంగతి. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ప్రతి తప్పు జవాబుకూ అర మార్కు పోతుంది. ఇన్, ఆన్, బై లాంటి ప్రిపొజిషన్లకు విడిగా సెక్షన్ ఉండదు. ఎర్రర్ స్పాటింగ్‌లో, ఖాళీలు పూరించడంలో, పేరా మధ్యలో ఖాళీలిచ్చే క్లోజ్ టెస్ట్‌లో కలిసిపోయి వస్తాయి. కాబట్టి ఇంకో గ్రామర్ పుస్తకం కొనకండి, ఉన్నది చాలు. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన పనుల గురించే నాలుగైదు వాక్యాలు రాయండి: ఎన్నింటికి ఆఫీసుకు వెళ్లారు, ఎంతసేపు చదివారు, రేపు ఏది ఎప్పటికల్లా పూర్తిచేయాలి. రాసినవి పైకి చదవండి. ఇంటర్వ్యూలో నోరు తిరగడానికి ఇదే మార్గం. వారానికో పాత ప్రశ్నపత్రం చేసి, తప్పు పోయిన వాటిని ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. అలా ఎక్కించేటప్పుడు సిన్స్, ఫర్ అని ఒక్క మాట రాసి వదిలేస్తే వారంలో మర్చిపోతారు, సరైన వాక్యం మొత్తం రాసుకోండి.